సింగపూర్ తలుపు, కొబ్బరినూనె వేలు

పోయిన చలికాలం, ఒక శనివారం పొద్దున ఏడుంబావుకు జరిగిందిది. నేను నిర్మల్‌లో నలభై ఏళ్లుగా బీడీలు చుడుతున్నాను. అక్షరాలు యాభై ఏళ్లు దాటాక నేర్చుకున్నాను. కరీంనగర్‌లో నర్సు పని చేసే నా మేనకోడలు స్వరూప, "రెండు రోజులే అత్తా, సోమవారం మల్ల ఇద్దరం పనిల ఉంటం" అని నన్ను సింగపూర్ తీసుకుపోయింది. విమానంలోంచి మబ్బుల మీద తెల్లవారడం చూశాను. కల కాదు కదా అని కిటికీ అద్దాన్ని తడిమి చూశాను.

దిగాక, పాస్‌పోర్టు చూసే తలుపు దగ్గర ఒక మిషన్ మీద బొటనవేలు పెట్టమన్నారు. బీడీ ఆకు రాపిడికి నా వేలిగీతలు ఎప్పుడో అరిగిపోయాయి. మూడుసార్లు పెట్టినా ఎర్రదీపమే. అద్దం తలుపు అవతల అంతా లేత ఎండలో తేలుతున్నట్టుంది. ఇక్కడినుంచే వెనక్కి పంపుతారేమోనని స్వరూప వైపు తిరిగాను.

"సంతకం జేస్తనని చెప్పు. నాకు అచ్చరాలొచ్చు," అన్నాను.

"గీడ సంతకం నడవదత్తా!" స్వరూప ఏడుపు ముఖం పెట్టింది.

"అయితే రేషన్ దుకాణంల చేసినట్టే చేస్త."

"వద్దత్తా, అందరు చూస్తుండ్రు!"

"చూడనియ్యి."

కొప్పులో వేలు దూర్చి, కొబ్బరినూనె అంటేలా రుద్ది మళ్లీ పెట్టాను. పచ్చదీపం వెలిగింది. తలుపు తెరుచుకుంది. అక్కడి ఆఫీసరమ్మ నవ్వాపుకుంటూ మిషన్ తుడిచింది.

రెండు రోజులూ ఆ ఊళ్లో నిద్రలో నడిచినట్టు తిరిగాను. చూసినవి సగం మరిచాను, ఆ తలుపును మాత్రం మరవలేను. సిగ్గుపడ్డది స్వరూప. పనిచేసి అరిగిన వేలికి నాకేం సిగ్గు?

ఆ పొద్దు ఆ మిషన్ దగ్గరున్నది నేను, స్వరూప, ఆఫీసరమ్మ, నా వెనకే ఎర్రదీపం దగ్గర ఆగిపోయి, నన్ను చూసి తన జుట్టులో వేలు రుద్దుకున్న ఏ దేశపుదో తెలియని ముసలమ్మ.