రాహేలమ్మ చెప్పిన సాక్ష్యం

కడపలో సర్కారు ఆసుపత్రి ఎముకల వార్డులో రాహేలమ్మ ఇరవై రెండేళ్లుగా ఆయా. తాగి బండి నడిపి పట్టుబడ్డవాళ్లను కోర్టు ఆ వార్డుకే సేవకు పంపేది. వచ్చినవాళ్లు తల దించుకుని వారం రోజులు గడిపి పోయేవాళ్లు. ఎర్రగుంట్ల లారీ డ్రైవరు పరమేష్ అలా కాదు. రెండు చేతులకూ కట్లున్న ఒక ముసలాయనకు పూటపూటా సంగటి తినిపించాడు. గడువు తీరాక కూడా ఒకరోజు పనిగట్టుకుని వచ్చి తినిపించి పోయాడు. అది చూశాక రాహేలమ్మకు అతను సొంత బిడ్డే అయిపోయాడు.

ఏడాది తిరక్కముందే అతని భార్య శ్రావణి ఏడుస్తూ వార్డుకొచ్చింది.

"పెద్దమ్మా, మళ్లా తాగి దొరికినాడు. రెండోసారి గదా, జైలంటాండారు. నువ్వొచ్చి మంచోడని ఒక్క మాట చెప్పు."

రాహేలమ్మ సెలవు పెట్టి కోర్టుకు వెళ్లింది. వకీలు అడిగితే ముసలాయన సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది. జడ్జిగారు ఓపిగ్గా విన్నారు.

"అయితే ఈసారి వదిలిపెట్టమంటావా?"

శ్రావణి చేతులు జోడించి రాహేలమ్మ వైపే చూస్తోంది. రాహేలమ్మ జడ్జిగారి వైపు తిరిగింది.

"ఈ బిడ్డ శానా మంచోడు మేడం. కానీ కాళ్లు ఇరిగి మా వార్డుకొచ్చినోళ్లకు, గుద్దినోడు మంచోడైతే నొప్పి తగ్గదు. వదిలిపెట్టమని నేను చెప్పలేను. శానా దినాలు మాత్రం పెట్టొద్దండి. ఆ పిల్లకు వేరే దిక్కు లేదు."

జడ్జిగారు కాగితాలు తిరగేశారు. "రెండోసారి దొరికినవాణ్ని ఊరికే పంపలేను. మూడు నెలలు వేద్దామనుకున్నా. ఆ ముసలాయనకు చేసిన సేవ చూసి పది రోజులు చేస్తున్నా. ఏడాదిపాటు లైసెన్సు ఉండదు."

బయట శ్రావణి రాహేలమ్మను పలకరించకుండానే వెళ్లిపోయింది.

మూడో రోజు రాహేలమ్మ జైలుకు పోయింది. "నా మీద కోపమా నాయనా?"

పరమేష్ కళ్లు తుడుచుకున్నాడు. "ఎవురినన్నా గుద్దింటే, వాళ్లను ఎత్తి మంచమ్మీద పండబెట్టేది నువ్వే గదా పెద్దమ్మా."

బయటికొచ్చాక అతను సిమెంటు బస్తాలు మోసే పనికి కుదిరాడు. తాగుడు ఒక్కసారిగా పోలేదు. బండి తాళం మాత్రం ముట్టలేదు.

శ్రావణి అలక తీరడానికి మరో మూడు నెలలు పట్టింది. క్రిస్మస్ ముందురోజు రాహేలమ్మ డ్యూటీ దిగేసరికి, బెల్లం ఓళిగల డబ్బా ఒళ్లో పెట్టుకుని శ్రావణి వార్డు మెట్ల మీద కూర్చుని ఉంది.

"చల్లారిపోతాండాయి, తిను పెద్దమ్మా" అంది.