జాజి ముందు పరిగెత్తిన ఏడాది

"జాజికి పెట్టావా?" అన్నాడు మా ఆయన.

"పెట్టా" అన్నా నేను.

మా ఇద్దరి మధ్యా ఆఖరి మాటలు అవే. తర్వాత కళ్ళు మూసుకున్నాడు, తెల్లారేసరికి లేడు. మంచం చుట్టూ నిలబడ్డ పిల్లలకి జాజి ఎవరో తెలీదు. పెద్దాడు నా చెవి దగ్గరకొచ్చి, "నాన్న ఎవర్నో అడుగుతున్నాడు, ఎవరమ్మా?" అన్నాడు భయం భయంగా. వాడేమనుకున్నాడో వాడి మొహమే చెప్పింది. జాజి మా కుక్క. అప్పటికి అది చచ్చి నలభై ఏళ్ళు, పిల్లలు పుట్టకముందే పోయింది. యాభై ఏళ్ళ పైన కాపరం చేసిన పెళ్ళాం మంచం పట్టె మీద కూర్చుని అరిచెయ్యి రుద్దుతుంటే, పోయే ముందు ఆ మనిషి నోట్లోంచి వచ్చింది కుక్క పేరు. నా పేరంటావా, అది ఏనాడూ రాలేదు. మా రోజుల్లో మొగుడు పెళ్ళాన్ని పేరు పెట్టి పిలిచేవాడు కాదు. ఇద్దరమే ఉంటే "ఏమే", నలుగురుంటే "ఇదిగో". ఆ ఇంట్లో ఆయన పేరు పెట్టి పిలిచిన ఆడది అదొక్కతే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, నిన్న పొద్దుగూకాక కరెంటు పోయింది. మా చిన్నమ్మాయి కూతురు, ఇప్పుడు నేను చెప్తుంటే రాస్తున్న పిల్ల, సెల్లుఫోన్లో లైటు వేసింది. ఆ తెల్లటి వెలుగు నేల మీద సన్నంగా, బాట పరిచినట్టు పడగానే మంచం మీద నా కాళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి. "ఏంటమ్మమ్మా, పురుగా?" అంది. కాదు, చెప్తా రాసుకో అన్నా. నాకు సంతకం పెట్టటం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోటం వచ్చు, అంతకు మించి రాదు. కాబట్టి అక్షరాలు దానివి, కుళ్ళు నాది.

మా ఊరు జగ్గయ్యపేటకీ నందిగామకీ మధ్యన, బెజవాడ రోడ్డు దిగి రెండు మైళ్ళు లోపలికి. సాగరు కాలవ ఇంకా రాని రోజులు. అన్నీ మెట్ట చేలే. జొన్న, పెసర, కంది, చేతినిండా డబ్బుంటే కాస్త మిరప. మా దొడ్డి గోడ దాటితే మా జొన్నచేను, చేను దాటితే తుప్పలు, తుప్పలు దాటితే రాళ్ళగుట్ట. ఆ గుట్ట మీంచి కుందేళ్ళు దిగొచ్చి లేత పెసర మొక్కలన్నీ మొదలంటా కొరికిపోయేవి. పగలు వెతికితే ఒక్కటి కనపడదు. చీకట్లో లైటు వేస్తే మాత్రం కళ్ళు నిప్పురవ్వల్లా మెరుస్తాయి, ఆ వెలుగులో బిత్తరపోయి కాసేపు కదలవు. అందుకని వాటి వేటంతా రాత్రే, అదీ అమావాస్య దగ్గరపడ్డ రోజుల్లోనే. వెన్నెల్లో లైటుకి విలువుండదు.

నేను కాపరానికొచ్చిన రెండో ఏడు, ఎద్దుల్ని చూసొస్తానని మా ఆయన కోదాడ అవతలికి పోయాడు. ఎద్దులు లేవు గానీ, దుప్పట్లో చుట్టుకుని ఓ కుక్కపిల్లని తెచ్చాడు. "గిది గాలిని గూడ పడ్తది పటేలా" అన్నాడంట అమ్మినవాడు. ఆ మాట ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. నాకు మాత్రం అది కరువులో పుట్టినట్టు కనపడింది. మూతి పొడుగు, కాళ్ళు పొడుగు, డొక్కలో ఎముకలు ఒక్కోటీ కనపడతన్నాయి, నడుం చూస్తే నా పిడికిట్లో పడుతుంది. "ఈ జాతి అంతేనే, సన్నగా ఉంటేనే అందం" అన్నాడు. నేనూ అప్పుడు సన్నంగానే ఉండేదాన్ని. నాకెవరూ ఆ మాట అన్లేదు.

దానికి జాజి అని పేరు పెట్టాడు. నాకు ఏనాడూ మూరెడు పూలు తెచ్చినవాడు కాదు, కుక్కకి పూల పేరు పెట్టాడు. మా పుట్టింటివాళ్ళు నాకని తోలిచ్చిన గేదె పాలు పితగ్గానే, నురుగు చావకముందే ఓ గ్లాసుడు దానికి. మిగిలినవి తోడుకి. నాకు మూడో రోజు మజ్జిగ. పొలం నుంచి వస్తూ గుమ్మంలో "జాజీ" అనేవాడు, ఆ 'జీ' అనేదాన్ని అంత పొడుగు లాగి. లోపల పొయ్యి దగ్గర నేను పొగలో కళ్ళు తుడుచుకునేదాన్ని. అంతా పొగ వల్లేనని మా అత్తగారు అనుకునేది, పాపం.

ఏడాది నిండినా అది ఒక్క కుందేలుని పట్టింది లేదు. ఓ రోజు అటక కింద పెట్టిన వెన్నగిన్నె ఖాళీ చేసింది. మా అత్తగారు ఆయన్ని పిలిచి, "ఒరే అబ్బాయ్, వేటకుక్కన్నావు, వెన్నకుక్కయ్యింది. శివరాత్రెళ్ళిన అమావాస్యకి ఒక్క కుందేలుని పట్టిందా, ఉంచుకో. లేదా, ఎక్కడ తెచ్చావో అక్కడ దించిరా" అంది. పెళ్ళయినప్పట్నుంచీ మా అత్తగారి మాటల్లో నాకు కమ్మగా వినపడ్డది అదొక్కటే.

ఇక ఆయన నెలరోజులూ ఆ పని మీదే కూర్చున్నాడు. ఎవర్నో అడిగి ఓ కుందేలు తోలు తెచ్చి, లోపల గడ్డి కుక్కి, పురికొసతో కుట్టి, ఇరవై మూరల తాడు కట్టాడు. ఆ తోలుని ఎవరో ఒకరు చీకట్లో లాక్కుంటూ పరిగెత్తాలి, ఆయన దాని మీద లైటు వెయ్యాలి, కుక్క తరమాలి. మా పాలేరు, "రాత్రిపూట చేలో పిశాచంలాగా పరిగెత్తటం నావల్ల కాదు దొరా" అని తప్పుకున్నాడు. అప్పుడు మా ఆయన నా వంక చూశాడు. "ఇదిగో, నువ్వు బాగా పరిగెడతావా?" అన్నాడు. పెళ్ళయ్యాక నా గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అదే. నేను మురిసిపోయి, "మా ఊళ్ళో మగపిల్లలకన్నా నేనే ముందు" అన్నా. బుద్ధి లేక.

రోజూ రాత్రి అన్నాలయ్యాక చీర గోచీ పోసి, తాడు చేతికి చుట్టుకుని, కోసిన జొన్నచేలోకి దిగేదాన్ని. వెనక ఆయన గట్టు మీద గొంతుక్కూర్చుని, అయిదు బ్యాటరీల లైటు ఒక చేత్తో, దాని మెడ ఒక చేత్తో. కుక్క లైటు వంక చూడకూడదు, లైటు చూపించిన చోటికి చూడాలి. అది రావటానికే నాలుగు రోజులు పట్టింది. మొదట్లో ఆ దొంగముండ తిరిగి లైటు అద్దాన్ని నాకేది. తర్వాత వెలుగు బాట వెంట పోవటం, లైటు ఆర్పగానే వెనక్కి రావటం. ఎంత ఓపికో ఆ మనిషికి. "చూడమ్మా, అటు చూడు, అదిగో, మా అమ్మ కదూ" అనేవాడు. నేను చీకట్లో తాడు పట్టుకుని వింటుండేదాన్ని. కూరలో ఉప్పు తక్కువైతే కంచం అవతలికి నెట్టే మనిషి. అంత మెత్తటి గొంతు ఆయన దగ్గరుందని నాకు కుక్క వల్ల తెలిసింది.

వెలుగంతా తోలు మీద. నేను దానికి ఇరవై మూరల ముందు, చీకట్లో, కొయ్యకాళ్ళ మీద వట్టికాళ్ళతో. మా కొంపల్లో ఆడవాళ్ళకి చెప్పులు లేవు అప్పుడు, అత్తగారి ముందు వేసుకోటం ఊహే లేదు. జొన్న కొయ్యకాళ్ళంటే కోతయ్యాక నేలలో మిగిలిన మొదళ్ళు, ఏటవాలుగా కోసుంటాయి, మేకుల్లాగా. రోజూ ఏదో ఒకటి దిగేది. పసుపు అద్దుకుని పడుకునేదాన్ని. పగటిపూట ఆ బ్యాటరీలు నీరసించాయని వాటిని మిరపకాయల పక్కన ఎండలో పెట్టి, వానొస్తుందేమో చూస్తుండమనేవాడు నన్ను. నా కాళ్ళు ఎండలో పెట్టమన్నవాడు లేడు.

ఇప్పుడు చెప్పేది ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. రాయవే, ఆగిపోయావేం. ఆ నెల్లో ఓ రోజు నుంచీ నేను రొంటిన ఉప్పుచేప ముక్క దోపుకుని పోవటం మొదలెట్టా. లాగి లాగి చేను చివరికంటా పోయాక, ఆయన లైటు ఆర్పగానే, తాడు లాక్కుని తోలుని పొద కిందికి తన్నేసి "జాజీ" అనేదాన్ని చిన్నగా. మొదట తోలుకేసే చూసేది. రెండు రోజులకి వాసన పట్టింది. పది రోజులకి తోలు సగం దూరంలో ఉండగానే వదిలేసి, నా నడుం దగ్గరకొచ్చి ముక్కు పెట్టేది. దానికి వేట అంటే కుందేలు కాదు, చీకటి చివర ఉప్పుచేప. కావాలనే చేసా. అది పోతే గ్లాసుడు పాలూ, ఆ గొంతూ నాకు మిగుల్తాయనుకున్నా.

అమావాస్య రానే వచ్చింది. వేట చూడ్డానికి నందిగామ నుంచి మా ఆడబిడ్డ మొగుడు వచ్చాడు. వెటకారం మనిషి, ఒక మాటని పదేళ్ళు నమిలే మనిషి. ఇద్దరూ కుక్కని పట్టుకుని తుప్పలవైపు పోయారు. నేను రొంటిన చేపముక్కతో దొడ్డి వెనక చొప్పవామి పక్కన నిలబడ్డా. గాలి కూడా నా వెనక నుంచి వాళ్ళవైపే వీస్తోంది. దూరాన లైటు వెలిగింది, ఒకచోట నిలిచింది. కుందేలు దొరికిందన్నమాట. "పో" అన్న కేక వినపడింది. ఆ తర్వాత కొయ్యకాళ్ళ మీద దూసుకొచ్చే చప్పుడు, దగ్గరగా, ఇంకా దగ్గరగా. వచ్చి నా నడుం మీద రెండు కాళ్ళూ వేసింది, నేను చొప్పలో కూలబడ్డా.

దాన్ని వెతుక్కుంటూ లైటు చేనంతా తిరిగింది. తిరిగి తిరిగి చొప్పవామి దగ్గరికొచ్చి, కుక్క మీద పడింది. కుక్క నా మీదుంది కాబట్టి నా మీదా పడింది. నెలరోజుల్లో ఆ వెలుగు నా మీద పడటం అదే మొదలు.

"ఏం బావా, కుందేలని వదిలితే మా చెల్లెమ్మని పట్టిందే నీ కుక్క" అని ఆ నందిగామ అన్నయ్యగారు పగలబడి నవ్వాడు. "పోన్లే, కూర మాత్రం ఈవిడే వండుద్ది."

మా ఆయన నవ్వలేదు. లైటు కిందికి దించాడు. "కాళ్ళకేంటి అయ్యి?" అన్నాడు.

"కొయ్యకాళ్ళు."

"ఎప్పుడు గుచ్చుకున్నాయి?"

"నెల్నుంచీ" అన్నా.

ఆయన లైటు అక్కడే చాలాసేపు ఉంచాడు. బ్యాటరీ వృథా అవుతుందని నాకే అనిపించింది.

పొద్దున్నే దాని మెడకి తాడేసి, కోదాడ బండేదైనా ఎక్కించొస్తానని జగ్గయ్యపేట పోయాడు. ఆ పూట నేను రెండు ముగ్గులు ఎక్కువేసా. గేదె పాలన్నీ కాచి, మీగడ కట్టేదాకా చూస్తూ కూర్చున్నా. దీపాలు పెట్టే వేళకి ఆయనొచ్చాడు. తాడు చేతిలోనే ఉంది, తాడు చివర అదీ ఉంది. "ఇంకొక్క అమావాస్య చూద్దామే అమ్మా" అన్నాడు వాళ్ళమ్మతో. చంకలోంచి ఓ కాగితం పొట్లం తీసి నా ముందు పడేశాడు. చెప్పులు. కొత్త తోలు వాసన, నా కాళ్ళకి ఒక వేలెడు పెద్దవి.

మా అత్తగారు కుక్క సంగతి మర్చిపోయింది. "కోడలికి చెప్పులేంట్రా? రేపు గొడుగు కూడా తెస్తావా?" అంది.

"పరిగెత్తాలిగా" అన్నాడాయన. అంతే.

ఆ మాటని ఇన్నేళ్ళుగా ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నానో. నా కాళ్ళు నొప్పెడతాయని తెచ్చాడా, కాళ్ళు నొప్పెడితే నేను సరిగ్గా లాగను, జాజి చదువు పాడవుతుందని తెచ్చాడా? అడగలేదు. అడిగితే రెండోదే చెప్తాడని భయం. కానీ ఆ చెప్పులేసుకుని దొంగపని చెయ్యబుద్ధి కాలేదు. ఉప్పుచేప ఇంట్లో వదిలేసా. మొదటి రాత్రి అది నా నడుం దగ్గర వెతికి, నా మొహంలోకి చూసి, కుంయ్ కుంయ్ మంది. "ఏం లేదు పోవే, నా మొహం కాదు, ఆ తోలు చూడు" అన్నా. నా గొంతులోనూ ఆ మెత్తదనం ఉందని నాకప్పుడే తెలిసింది. నెలరోజులు అట్టాగే పరిగెత్తా, చెప్పుల ముందు భాగంలో గుడ్డ కుక్కుకుని.

ఉగాది ముందొచ్చే కొత్తమావాస్యకి పట్టింది. ఈసారి నన్ను గట్టు దాకా రానిచ్చాడు. లైటులో కుందేలు లేచింది, జాజి వెలుగు బాట మీద వంగి పరిగెత్తింది, చూస్తుంటే నేల మీద కాళ్ళు ఆనటం లేదు. నిజం చెప్పాలి, అందంగానే ఉంది. నోట కరుచుకుని తిరిగొచ్చింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాపి, "జాజీ, రామ్మా" అన్నాడు. అది ఆయన పక్కనుంచి వచ్చి, కుందేలుని నా చెప్పుల మీద పెట్టింది.

ఆయన చేతులు అట్టాగే చాపి ఉన్నాయి. ఆ రాత్రి కుళ్ళుకున్నది నేను కాదు.

"నువ్వు దానికేం పెట్టావే?" అన్నాడు, లైటు నా మొహాన వేసి.

"ఏం పెట్టలా" అన్నా.

ఆ కుందేలుని నేనే వండా. మొదటి తొడ ఆయన దానికే పెట్టాడు, రెండోది మా అత్తగారికి. మరుసటేడు ఆ చెప్పుల్లో ఎడమదాన్ని అదే కొరికేసింది. పది పన్నెండేళ్ళు బతికింది. అది పోయిన రోజు ఆయన గట్టు మీద గొయ్యి తానే తవ్వి, రెండు రోజులు అన్నం ముట్టలేదు. మా నాన్న పోయినప్పుడు సాయంత్రానికే తిన్నాడు. ఇవన్నీ నేను లెక్కపెట్టుకున్నానని ఆయనకి తెలీదు.

పోయే ముందు "జాజికి పెట్టావా" అని ఎందుకడిగాడో నాకు తెలీదు. మనసు వెనక్కిపోయి పాలగ్లాసు సంగతే అడిగాడో, ఆనాటి రాత్రి నేను దాచిన జవాబు కోసం మళ్ళీ అడిగాడో. నా మటుకు నేను నిజమే చెప్పా. ఆ ఒక్క మాట చెప్పటానికి యాభై ఏళ్ళు పట్టింది. ఈలోగా కాలవొచ్చింది, మెట్ట మాగాణయ్యింది, కుందేళ్ళు ఎటు పోయాయో పోయాయి, అదీ పోయింది, ఆయనా పోయాడు. కాలం అన్నిటినీ ముసలివి చేసింది గానీ, నా కుళ్ళుకి మాత్రం ఇంకా పందొమ్మిదేళ్ళే.

రాసావా? ఏదీ, మొదట్నుంచీ చదువు, వింటా. "పెట్టా" అన్న దగ్గర మాత్రం కాస్త గట్టిగా చదువు.