గొర్రె పాలకు తోడు

కాక చనిపోయాడని ఆస్పత్రి నుంచి మా యజమాని దగ్గరి డ్రైవరన్న ఫోన్ చేసినప్పుడు నేను గొర్రె వెనక గొంతుక్కూర్చుని పాలు పిండుతున్నాను. గిన్నె సగమే నిండింది. ఫోన్ జేబులో పెట్టుకుని మిగతా సగం పిండాను. ఏడవలేదు. పాలు వదిలేస్తే పొదుగు వాచిపోతుందని చెప్పింది ఆయనే.

మధ్యాహ్నానికి మా జిల్లావాళ్ళ వాట్సాప్ గ్రూపు నిండా దండం బొమ్మలు. "పాపం, ఎడారిల గొర్లు కాస్కుంట పోయిండు" అని ఒకడు పెట్టాడు. మిగతావాళ్ళు దాన్నే తిప్పి తిప్పి రాశారు. ఒక్కడు కూడా ఆయన చేతి పెరుగు తిన్నవాడు కాదు. అందుకే ఇది రాస్తున్నాను. ఆయన మీద మీరెవరూ జాలిపడక్కర్లేదు.

కాక నాకు చుట్టం కాదు. కరోనా ఏడాది దుబాయ్ అల్ ఖూజ్‌లో నేను పనిచేసే అల్యూమినియం వర్క్‌షాప్ మూతపడితే, అల్ ఐన్ అవతల ఉన్న ఈ గొర్రెల ఫారానికి వచ్చి పడ్డాను. ఆయన అప్పటికే ఇక్కడ ముసలివాడైపోయి ఉన్నాడు. ఇద్దరిదీ ఒకే మండలమని తేలింది. నేను "కాకా" అన్నాను, ఆయన "ఏంరా పోరడా" అన్నాడు. చుట్టరికం అంతే.

ఇక్కడి గొర్రెలు మన గొర్రెల్లా ఉండవు. నయీమీ అంటారు. సిరియా వైపు, మధ్యధరా సముద్రం పక్క దేశాల జాతి. తెల్లటి ఒళ్ళు, ఇటుక రంగు మొహం, వేలాడే చెవులు, వెనక దిండంత తోక. ఎండకీ చలికీ జంకవు, ఎండుగడ్డి పెట్టినా బతుకుతాయి. మొదటి రోజు ఆ తోక చూసి నాకు భయమేసింది.

"కాకా, దీనికి ఎన్క గడ్డ లేసింది. డాక్టర్‌ను పిలువు."

ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. "గడ్డ గాదురా, సద్దిమూట. గడ్డి దొరకనినాడు పనికొస్తదని కొవ్వంత అండ్ల దాసుకుంటది. నువ్వేం దెచ్చుకున్నవ్ ఎన్క? ఒక బ్యాగు. గదాని జిప్పు సుత తెగింది."

మా ఊళ్ళో గొర్రె అంటే మాంసం, గొంగడి. పాలు పిల్లకే. ఇక్కడ మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, ఈ మందను పెంచుతున్నదీ మాంసానికే. కానీ వాళ్ళమ్మ చిన్నప్పటి నుంచి ఈ పాల పెరుగు తిన్న మనిషి. ఆమె అడిగితే కాక పిండటం మొదలుపెట్టాడు. వెనక కూర్చుని, ఆ బరువు తోకను మోచేత్తో పైకి నెట్టి పట్టి పిండాలి. నేను లాగేవాణ్ణి, అది తన్నేది.

"గుంజకురా. అడుగు. మీ వర్క్‌షాప్ మేనేజర్‌ను అడిగినా తన్నిండు గని, ఇది గట్ల గాదు."

ఆ పాలు మహా చిక్కన. కాచి, చిటికెన వేలు ఓర్చుకునేంత చల్లార్చి, నిన్నటి పెరుగు ఒక చెంచా తోడు వేసేవాడు. ఊరి నుంచి తెచ్చుకున్న నల్ల గొంగడి ముక్కలో గిన్నెను చుట్టి పెట్టేవాడు. పొద్దున్నే విప్పి, ఆ గిన్నెను తీసుకొచ్చి నా నెత్తి మీద బోర్లించేవాడు.

"పడితే తానం, పడకుంటే తిండి!"

ఎన్నడూ పడలేదు. ఒక గిన్నె కఫీల్ తల్లికి పోయేది, ఒకటి మాకు. ఆమె గిన్నె ఎప్పుడూ ఖాళీగా తిరిగి రాలేదు, ఖర్జూరాలతో వచ్చేది. సెలవుకి ఊరెళ్ళినా కాక ఫోన్ చేసేవాడు. ఎట్లున్నవని అడిగిన పాపాన పోలేదు. "తోడున్నదారా?" అనేవాడు. ఉందంటే పెట్టేసేవాడు.

ఆయన ఛాతీ పట్టుకుని పడిపోయిన రోజు ఆ హడావిడిలో మా గిన్నె ఎండలో ఉండిపోయింది. చీమలు పట్టాయి. తోడు పోయింది.

చనిపోయిన రోజు కఫీల్ వచ్చాడు. కాక మంచం దగ్గర కాసేపు తలవంచుకుని నిలబడ్డాడు. తర్వాత తన వచ్చీరాని హిందీలో అన్నాడు: "దూద్ ఖలాస్. బుడ్డా నై, కౌన్ కరేగా?" ముసలాయన లేడు, ఇంకెవరు చేస్తారని.

పాలు ఖలాస్, అంటే పాల పని ఆపితే, ముసలి గొర్రెలు కూడా ఖలాస్. పాలిస్తున్నాయనే వాటిని ఉంచారు. లేకపోతే మండీకి, మాంసం సంతకి, తోలడమే. కాక పేరు పెట్టి పిలిచినవన్నీ అవే.

"మై కరేగా," అన్నాను.

"దహీ భీ?" పెరుగు కూడానా అని.

"దహీ భీ."

"కల్ దేఖేగా. నై తో మండీ." రేపు చూస్తానని బండెక్కి పోయాడు.

దుకాణం పెరుగుతో తోడు వేయొచ్చు. కానీ ముసలామె నాలుక మోసపోదు. పాలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఒళ్ళు మండిపోతోంది. ఎవరి మీదో తెలియదు.

సాయంత్రం డ్రైవరన్న కఫీల్ ఇంటి నుంచి ఆమె గిన్నె తెచ్చాడు. ఖర్జూరాలు లేవు. మూత తీస్తే అడుగున రెండు చెంచాల పెరుగు.

"కాకను దవాఖానకు తీస్కపోయిండ్రని తెల్వంగనే ముసలామె తినుడు ఆపిందట. ఫ్రిజ్‌ల పెట్టిచ్చింది. ఆయన చేతిది, పారెయ్యకుండ్రి అన్నది."

పాలు కాచాను. వేలు పెట్టి చూశాను. తోడు వేసి గొంగడిలో చుట్టాను.

పొద్దున కఫీల్ పికప్ వచ్చి గొర్రెలెక్కించడానికి దొడ్డి గేటుకి వెనక వైపు పెట్టి ఆగింది. నేను గొంగడి విప్పి, మూత తీసి, కళ్ళు మూసుకుని గిన్నెను నా నెత్తి మీదే బోర్లించుకున్నాను. తేట చుక్క ఒకటి నుదుటి మీద పడింది. ఇంకేమీ పడలేదు.

"మజ్నూన్," అన్నాడు కఫీల్. పిచ్చోడా అని. చెయ్యి చాచి గిన్నె తీసుకున్నాడు. గొర్రెల కోసం వచ్చిన బండి, వెనక ఖాళీగా, ముందు సీట్లో ఆయన ఒళ్ళో ఒక గిన్నెతో, ఇసుక దారిలో మెల్లగా పోయింది.

నుదుటి మీది చుక్కను నేను తుడుచుకోలేదు. ఎండకి అదే ఆరిపోయింది.