మా చెల్లెలికి పెట్టిన రెండక్షరాల పేరు

నా చిన్నప్పుడు నన్ను అందరికన్నా ఎక్కువగా ఏడిపించింది నా పేరే. ఇద్దరు ముత్తవ్వల పేర్లూ, ఒక మొక్కుబడి దేవుడి పేరూ కలిపి నాకు తగిలించారు. పలక మీద ఒక వరుసలో పట్టేది కాదు. హాజరు పిలిచేటప్పుడు మా మేష్టారు నా దగ్గరికి వచ్చేసరికి ఒకసారి ఊపిరి పీల్చుకుని మరీ మొదలుపెట్టేవారు. క్లాసంతా నవ్వేది. అందుకే నాకు తొమ్మిదేళ్లప్పుడు చెల్లెలు పుడితే, దానికి రెండక్షరాలకు మించి పేరు పెట్టనివ్వకూడదని కంకణం కట్టుకున్నాను. ఇప్పుడంటే మా పిల్లలు ఫోను నొక్కితే చాలు, పొట్టి పేర్లు కుప్పలుగా వచ్చి పడుతున్నాయి. అప్పుడు నేను పాత క్యాలెండరు కాగితాల వెనక పెన్సిలుతో రాసుకుని, ఆ కాగితాలు పట్టుకుని నాన్నగారి వెంట పడ్డాను. చివరికి ఆయన విసిగిపోయి 'ఉష' అని ఖాయం చేశారు. నా అంత మొనగత్తె మా ఉయ్యూరులో లేదనుకున్నాను.

బారసాల ముందురోజు నాయనమ్మ అటక మీది ఇత్తడి సామానంతా దింపించి, చింతపండు ముద్ద చేతిలో పెట్టి, తోమమని నన్ను పెరట్లో కూర్చోబెట్టింది. అందులో ఒక పెద్ద పళ్లెం అంచు మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు కనిపించాయి. 'చి.సౌ. గౌరికి, నాన్న' అని ఉంది. గౌరి మా నాయనమ్మ పేరు. ఇంట్లో ఆ పేరు ఎవరూ పలికేవారు కాదు. అత్తగారి పేరు కాబట్టి అమ్మయితే నోములో గౌరీదేవి ప్రస్తావన వచ్చినా 'అమ్మవారు' అని దాటేసేది.

"నాయనమ్మా, ఈ పళ్లెం మీ నాన్న ఇచ్చాడా?" అని అడిగాను.

నాయనమ్మ పక్కనే కూర్చుని వత్తులు చేసుకుంటోంది. తల కూడా ఎత్తకుండా, అది తనది కాదనీ, మా అమ్మదనీ చెప్పింది.

నాకు అర్థం కాలేదు. అమ్మ పేరు సుభద్ర కదా! అప్పుడు నాయనమ్మ, పొయ్యి మీద పాలు పొంగాయని చెప్పినంత తేలిగ్గా అసలు సంగతి చెప్పింది. అమ్మకు పుట్టింట్లో పెట్టిన పేరు గౌరి. "అత్తకీ కోడలికీ ఒకటే పేరుంటే ఎలాగే? మీ నాన్న కన్నతల్లి పేరు పెట్టి పెళ్లాన్ని పిలుస్తాడా? అందుకని పెళ్లిపీటల మీదే మార్చేశాం. అందరూ చేసేదేగా," అంది.

నేను కొయ్యబారిపోయాను. అమ్మ కడుపున పుట్టి, తొమ్మిదేళ్లు ఆవిడ పక్కలో పడుకుని, ఆవిడ పేరేమిటో నాకు తెలియదు! పదిహేనేళ్ల పిల్ల పీట మీద కూర్చునేటప్పుడు ఒక పేరుతో కూర్చుని, లేచేటప్పుడు ఇంకో పేరుతో లేచిందట. నా పేరు ఎంత పొడుగైనా నా పేరే కదా, దాన్ని ఎవరైనా అలా లాక్కుంటే ఊరుకుంటానా అనిపించింది. నాకు అసలే నోటి దురుసు.

"మరి నువ్వే మార్చుకోవచ్చుగా నీ పేరు?" అనేశాను.

నాయనమ్మ చేతిలో వత్తి ఆగిపోయింది. లోపలి గదిలో పసిదానికి పాలిస్తున్న అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆ మొహం తెల్లగా పాలిపోయి ఉంది. నాన్నగారు వసారాలోంచి వచ్చి నా వీపు మీద ఒక్కటిచ్చారు. నాయనమ్మ వత్తుల పళ్లెం పక్కన పెట్టి, గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. సాయంత్రం ఉప్మా పంపితే ముట్టకుండా తిప్పి పంపింది.

అమ్మ భయం నాకు అప్పుడు తెలిసింది. తనే నాకు నూరిపోసి అడిగించిందని అత్తగారు అనుకుంటుందని ఆవిడ వణికిపోయింది. పదేళ్లుగా మాట పడకుండా నెట్టుకొచ్చిన కాపురం నా ఒక్క మాటతో అల్లరవుతుందేమోనని నన్ను దగ్గరికి లాక్కుని ఏడ్చింది. నువ్వు నిజంగా గౌరివేనా అని అడిగితే, ఇప్పుడవన్నీ ఎందుకే అంది. మళ్లీ తనే, అమ్మానాన్నా పోయాక తనను ఆ పేరుతో పిలిచేవాళ్లే లేరని చెప్పింది. నాకు చాలా జాలేసింది.

మర్నాడు బారసాలకు వీధివీధంతా వచ్చింది. అమ్మ పసిదాన్ని ఒళ్లో పెట్టుకుని నాన్నగారి పక్కన పీట మీద కూర్చుంది. పళ్లెంలో బియ్యం పోశారు. నాన్నగారు ఉంగరం తీసి 'ఉష' అని రాయబోతుంటే, వెనక నుంచి నాయనమ్మ గొంతు వినిపించింది.

"ఆగరా అబ్బాయ్. గౌరి అని రాయి."

అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. బతికుండగానే తన పేరు తనే పెట్టించుకుంటోందని పక్కింటి పిన్నిగారు మెల్లగా గొణిగింది. నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ పేరు తీసుకున్నది చాలక చెల్లెల్ని కూడా తన ఖాతాలో వేసుకుంటోందనుకున్నాను. నాన్నగారు అలాగే రాశారు. పేరును మూడుసార్లు బిడ్డ చెవిలో చెప్పమని పంతులుగారు ఆయనకు సైగ చేశారు.

"వాడు కాదండీ పంతులుగారూ, తల్లి చెబుతుంది," అంది నాయనమ్మ.

అమ్మ బిత్తరపోయింది. నలుగురిలో అత్తగారి పేరు పలకడమా! "నేనెలా అంటానండీ అత్తయ్యగారూ?" అంది, వినీ వినపడనట్టు.

"నా పేరు అనమనట్లేదమ్మాయ్. నీ పేరు అను."

అమ్మ వంగి పసిదాని చెవి దగ్గర పెదవులు కదిపింది, గొంతు రాలేదు. రెండోసారి ఏడుపు అడ్డం వచ్చింది. మూడోసారి అన్న మాట మాత్రం వసారాలో కూర్చున్న మగవాళ్లకు కూడా వినిపించింది. నాయనమ్మ కొంగుతో కళ్లొత్తుకుని, ఇక అక్షింతలు వేయండని అందరినీ తొందరపెట్టింది. ఆ తర్వాత అమ్మ పని ఉన్నా లేకపోయినా రోజంతా చెల్లెల్ని పేరు పెట్టి పిలుస్తూనే ఉండేది.

నాయనమ్మ నాకేమీ క్షమాపణ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. నాలుగు రోజుల తర్వాత నాకు జడ వేస్తూ, అడగాల్సిందే అడిగావు కానీ అడిగిన తీరు బాగాలేదని జుట్టు గట్టిగా లాగింది.

ఇప్పుడు నాకు ఆవిడ వయసు వచ్చింది. విజయవాడలో కొడుకు దగ్గర ఉంటున్నాను. మొన్నీమధ్య మా ఎనిమిదేళ్ల మనవరాలు, "నానమ్మా, అమ్మ ఆఫీసు నుంచి అలిసిపోయి వస్తుంది కదా, నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా, మరి నీకు కాఫీ అమ్మే ఎందుకు పెట్టాలి?" అని మొహం మీదే అడిగేసింది. నాకు చురుక్కుమంది. ఎంత పొగరు దీనికి, ఎవరు నేర్పారు దీనికి అని నోటిదాకా వచ్చింది. ఆ మాట మింగడానికి నేను పడిన పాట్లు నాకే తెలుసు. మా నాయనమ్మకు ఒక్క పూట చాలింది. నాకు నాలుగు రోజులు పట్టింది. అయిదో రోజు సాయంత్రం కోడలు తలుపు తీసుకుని లోపలికి వచ్చేసరికి, రెండు గ్లాసుల్లో కాఫీ పోసి బల్ల మీద పెట్టి కూర్చున్నాను. అది చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది.