సెగకు అడ్డం కట్టిన చీర

మా అన్నయ్య పడవ మీంచి జారిపడి వెన్నెముక విరగ్గొట్టుకున్నాక వచ్చిన మొదటి వేసవి అది. మొగల్తూరు దగ్గర మా ఇల్లు ఒకటే గది, పైన ఇనుప రేకు. అన్నయ్యను మంచం మీంచి దించే వీల్లేదు. మధ్యాహ్నమయ్యేసరికి ఒళ్ళు కాలిపోయేది. ఇలా వారం సాగితే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరుగారు చెప్పేశారు.

"వేడి చేసింది. మామిడిపళ్ళు మానమంటే వింటాడా?" అంటూ మా వదిన సబ్జా నీళ్ళు కలిపేది. నాకు ఒళ్ళు మండేది. కాలేజీలో ఉష్ణ ప్రసారం పాఠం చెప్పేదాన్ని నేను. నా ఇంట్లోనేమో తప్పంతా మామిడిపండుది.

"వేడి తిండిలో లేదు వదినా, రేకులో ఉంది. ఇది సెగ. పొయ్యి ముందు కూర్చుంటే మొహానికి కొడుతుందే, అది. ఫ్యాను ఎంత తిరిగినా ఆగదు."

"అయితే ఏం చెయ్యమంటావు?"

కాగితం తీసి లెక్కకు కూర్చున్నాను. రేకు అరవై డిగ్రీలు, చర్మం ముప్పై అయిదు. సెగను లెక్కగట్టే సూత్రం ప్రకారం రెండింటికీ రెండొందల డెబ్బై మూడు కలిపి నాలుగో ఘాతానికి ఎత్తాను. మంచం ఏ మూలకి జరిపినా పైన కనపడేది రేకే కాబట్టి అక్కడ కలిసొచ్చేదేమీ లేదు. వంద వాట్లకు పైనే తేలింది. పగలంతా అంత వేడి అన్నయ్య ఒంట్లోకి దిగుతోందన్నమాట. మధ్యలో ఒక గుడ్డ అడ్డం కడితే దాదాపు సగం ఆగుతుంది.

సగం అన్న మాట చూసి ఎగిరి గంతేశాను. వదిన పాత చీర లాక్కుని తాళ్ళు కట్టాను. తల వైపు ఫ్యాను వేలాడుతోంది, చీర కడితే రెక్కలకి చుట్టుకుంటుంది. ఫ్యాను ఆపితే అన్నయ్యకు ఊపిరాడదు. అందుకని నడుము నుంచి పాదాల దాకానే కట్టాను.

మర్నాడు మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని అడిగాను.

"సెగ తగ్గిందా అన్నయ్యా?"

అన్నయ్య చీర వంక చూశాడు, నా వంక చూశాడు. మెడ మీద చెమట కారుతూనే ఉంది.

"తగ్గిందమ్మా. కాళ్ళకి చల్లగా ఉంది."

పడవ మీంచి పడిన రోజు నుంచీ నడుము కింద తనకి చల్లనా తెలీదు, వేడీ తెలీదు.