అల్లుడికి కాదనని ఊరు

మా అత్తవారి ఊళ్ళో నాకు ఎవరూ కాదని చెప్పలేదు. దానివల్ల నా ఉద్యోగం పోయేంత పనయింది. ఆ ఊరి మీద నాకు ఇప్పటికీ కోపమే.

అప్పట్లో నేను విజయనగరం దగ్గర ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో మెకానికల్ పాఠాలు చెప్పేవాణ్ణి. కాపురం శ్రీకాకుళంలో, అరసవల్లి వైపు. ఆ ఏడాది మా ప్రిన్సిపాల్ అందర్నీ కూర్చోబెట్టి, ప్రతి లెక్చరరూ ఒక ఆన్‌లైన్ కోర్సు పూర్తి చెయ్యాలనీ, చెయ్యనివాళ్ళని జూన్ నుంచి కొనసాగించడం కష్టమనీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ నావైపే చూశాడు. స్టాఫ్ రూములో తిరగని ఫ్యాను గురించి నేను రాసిచ్చిన అర్జీ ఆయన మరిచిపోలేదు. నేనూ మరిచిపోలేదు. ఫ్యాను అలాగే ఉంది.

తేలికైన కోర్సులు నాకు తెలిసేలోపే మిగతావాళ్ళు తలొకటీ పంచేసుకున్నారు. నాకు మిగిలింది మూడింటిని కలిపి కుట్టినది: సొంత వ్యాపారం మొదలుపెట్టడం, టెక్నాలజీ మేనేజ్‌మెంటు, తరిగిపోని ఇంధనాలు. మా ఇంట్లో నెట్ అందేది కాదు. డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడితే వీడియో నడిచేది, కూర్చుంటే ఆగిపోయేది. అందుకని ఆ కోర్సంతా నిలబడే విన్నాను. ఆదివారం అదీ కుదరదు. గుడికి వచ్చే ఆటోల హారన్లలో, సౌరశక్తి గురించి చెప్పే ఆవిడ పెదాలు కదలడం మాత్రమే తెలిసేది.

చివరి పని ఇది. ఒక వస్తువును ఎంచుకోవాలి. దాన్ని కొనేవాళ్ళని కలిసి, వాళ్ళేమన్నారో రాసి, దానిమీద వ్యాపారం ఎలా నడుపుతామో చెప్పాలి. దిద్దేది మాస్టారు కాదు, మనలాగే ఆ కోర్సు చదువుతున్న, మొహం తెలియని ఇంకో మనిషి. నేను ఎండుచేపల కోసం సోలార్ డ్రయ్యర్ అనుకున్నాను. గాజు మూత ఉన్న పెట్టె, లోపల జల్లెడలు, గాలి తిరగడానికి ఒక చిన్న ఫ్యాను. మా అత్తవారిది సముద్రం ఒడ్డు. అక్కడి ఆడవాళ్ళు నెత్తళ్ళు ఇసుకలో పరిచి, కాకుల్ని తోలుకుంటూ ఎండబెడతారు. కొనేవాళ్ళ కోసం ఇంకెక్కడికో వెళ్ళడం ఎందుకనుకున్నాను.

ఇంటింటికీ తిరిగి పెట్టె బొమ్మ చూపించాను. కొంటారా అని అడిగితే అందరూ కొంటామన్నారు. వరసకు అత్త అయ్యే ఒకావిడ బొమ్మను తలకిందులుగా పట్టుకుని చూసి, "మంచి పెట్టి బాబూ, నువ్వు సెయ్యడమే తరువాయి" అంది. ప్రతి ఇంట్లోనూ టీ, వద్దన్నా కోడిగుడ్డు. మా అత్తగారింట్లో చందువ పులుసు. కడుపు నిండా తిని, ఊరంతా నా పెట్టె కోసం ఎదురుచూస్తోందని రాసి పంపించాను.

వెనక్కి తిప్పి పంపారు. మీరు కలిసిన ప్రతివాళ్ళూ ఒప్పుకున్నారు, వీళ్ళు మీ బంధువులా, అని అడిగాడు ఆ దిద్దిన మనిషి. కాదని చెప్పగలవాడిని ఒక్కడినైనా కలిసి రమ్మన్నాడు. నేను ఊరుకోలేదు. కోర్సు నడిపేవాళ్ళకి పెద్ద ఫిర్యాదు రాశాను. మార్కులు మారవనీ, ఇంకోసారి పంపుకోవచ్చనీ జవాబొచ్చింది. గడువు దగ్గరపడుతోంది. చెప్పులు అరిగేలా డాబా మీద తిరిగాను. అన్నం ముందు కూర్చుంటే జూన్ నెల గుర్తొచ్చేది, లేచిపోయేవాణ్ణి.

చివరికి మా ఆవిడే, "నీకు కాదని సెప్పీవోడు ఆ ఊర్లో ఒక్కడే ఉన్నాడు" అంది.

ఆ ఒక్కడూ ఆమె అన్న, ఎండుచేపల వ్యాపారి. ఆయన గృహప్రవేశం నాడు నన్ను మొదటి బంతిలో కాకుండా రెండో బంతిలో భోజనానికి కూర్చోబెట్టాడు. మొదటి బంతిలో ఐసు లారీ డ్రైవరు కూడా ఉన్నాడు. ఆ రోజు నుంచి నేను ఆయనతో మాట్లాడలేదు. ఇప్పుడు ఉద్యోగం కోసం బస్సెక్కాను. సగం దారిలో దిగిపోదామనిపించింది.

ఒడ్డున ఉన్న షెడ్డులో చేపల్ని గోనె సంచుల్లోకి ఎత్తిస్తున్నాడు. కుర్చీ వెయ్యలేదు.

"ఏటి బావా, దారి తప్పీసినావా?"

పెట్టె సంగతి చెప్పబోయాను. విన్నాననీ, ఊరంతా కొంటామన్నారట కదా అనీ నవ్వాడు.

"నువ్వు కొంటావా బావా?" అన్నాను.

"కొన్ను."

ఎందుకు కొనవని అడిగాను. సంచి మూతి కట్టడం ఆపలేదు.

"పెట్టి మంచిదే. రేపు దాని ఫ్యాను తిరగడం మానేసిందనుకో. షాపోడైతే ఎల్లి కాలరు అట్టుకుంతాను. నిన్నేటని అడుగుతాను? అల్లుడివి. బాగుసెయ్యడానికి నువ్వొస్తే కోడి కొయ్యాల. రాకపోతే నోరిప్పకూడదు."

నేనేమీ అనుకోనన్నాను.

"నువ్వా? రెండో బంతిలో కూకోబెట్టినానని ఇన్నేళ్ళూ మాటాడ్నేదు."

కూర్చోబెట్టడం తప్పు కాదా అని అడిగాను. మొదటి బంతి బయటివాళ్ళదనీ, నన్ను ఇంట్లో మనిషి అనుకున్నాననీ అన్నాడు. అల్లుడు ఇంట్లో మనిషి ఎలా అవుతాడని నేను వాదించాను. సంచులు ఎత్తే వాళ్ళు మా ఇద్దరినీ చూస్తూ నిలబడిపోయారు. ఎవరమూ తగ్గలేదు. మధ్యాహ్నం దాటాక, "ఆకలేస్తే ఇంటికెల్లి ఎట్టుకు తిను, సద్దన్నం ఉన్నాది" అన్నాడు. వడ్డించే మనిషి లేదు. వెళ్ళాను, పెట్టుకుని తిన్నాను. ఉల్లిపాయ ఎక్కడుందో నేనే వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇంటికి వచ్చి ఆయన అన్నది అన్నట్టు రాశాను. ఈ పెట్టెను బంధువులు అమ్మకూడదు, తిట్టడానికి వీలున్న షాపువాడు అమ్మాలి, బాగుచెయ్యడానికి మనిషిని పంపేదీ వాడే అని నా వ్యాపార పథకం మొత్తం మార్చేశాను. ఈసారి పాసయ్యాను. జూన్‌లో టైంటేబుల్లో నా పేరు ఉంది, ప్రిన్సిపాల్ సర్టిఫికెట్లు చదివేటప్పుడు అందరికన్నా ఆఖరున చదివినా సరే.

ఫలితం వచ్చిన సాయంత్రం మా ఆవిడ పోరు పడలేక ఆయనకి ఫోన్ చేసి పాసయ్యానని చెప్పాను.

"అయితే పెట్టి సేస్తావేటి?" అన్నాడు.

"చెయ్యను."

"మంచిది" అని ఫోన్ పెట్టేశాడు. సంతోషమని ఒక్క ముక్క అనలేదు. అదీ నాకు గుర్తుంది.