బూజు పట్టిన చెక్క

ధర్మవరంలో నూనె గానుగ నడిపే ఆదెప్ప నిజాయితీపరుడని పేరు. 1964లో కోతల వేళ వానలు కురిసి శనక్కాయలు బూజు పట్టాయి. పారేయడానికి మనసొప్పక ఆదెప్ప వాటినే ఆడించాడు. నూనె తీయగా మిగిలిన పిప్పిని, అంటే చెక్కను ఎండబెట్టి, వాసన తెలియకుండా మంచి చెక్కలో కలిపి కోళ్ల మేతకు అమ్మేశాడు.

కొన్నాళ్లకు పెనుకొండ సంతలో పశువుల డాక్టరు రైతులతో మాట్లాడుతుంటే విన్నాడు. బూజు చెక్కలో విషముంటుందట, ఎండబెట్టినా పోదట, కోళ్లూ పందులూ చస్తాయట.

ఆ వారమే బత్తలపల్లి నుంచి హనుమక్క వచ్చింది. గుడ్లమ్ముకుని బతికే మనిషి.

"కోళ్లన్నీ సచ్చిపోతాండాయి అప్పా. నాది పాడుచెయ్యంట, నేను ముట్టుకుంటే సస్తాయంట, మా అత్త వాటిని ముట్టనీయడంల్యా. ఉండేటివన్నా బతకాల, ఇంకొంచెం చెక్క ఇయ్యి."

ఆదెప్ప తల ఎత్తలేకపోయాడు.

"నీ చెయ్యి కాదమ్మా, నా చెక్క. బూజు పట్టిండాదని తెలిసే అమ్మినా."

తిట్టిపోస్తుందనుకున్నాడు. ఆమె బావురుమంది.

"అయితే నా చెయ్యి మంచిదేనా అప్పా?"

తిట్టినా ఇంత సిగ్గు పడేవాడు కాదు. గానుగ ఆపి, ఆమె వెంట బత్తలపల్లి నడిచాడు. వీధిలో నలుగురూ వింటుండగా, కోళ్లను చంపింది తానేనని అత్తతో చెప్పాడు. ముసలామె అతని కాళ్ల ముందు ఉమ్మేసింది. ఎవరూ ఆపలేదు. హనుమక్క మాత్రం చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. దప్పికగా ఉన్నా ఆదెప్ప ఆ నీళ్లు తాగలేకపోయాడు.